మామా అల్లుళ్ళ మధ్య రెండు గోడిగలు

విశాఖపట్నం సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు, పేరు వేయొద్దంటూ. అందులో నాలుగు పేజీలు గుర్రాల గురించే. కుదించి చెప్తాను.

ఆవిడ నాన్నగారికి డెబ్బై రెండేళ్ళు. ఎనభైల మొదట్లో ఉద్యోగరీత్యా ఆరేళ్ళు హైదరాబాద్‌లో, మలక్‌పేట రేస్ కోర్సుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్నారు. ముందు ఊరికే చూడ్డానికి వెళ్ళేవారు. తర్వాత పందేలు, ఆ తర్వాత అప్పులు. భార్య గాజులు నాలుగు జతలు తాకట్టుకి వెళ్ళి, రెండు జతలే తిరిగొచ్చాయి. కూతురు పుట్టాక విశాఖ వచ్చేసి పందెం మానేశారు. ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్క రూపాయి కట్టలేదు. గుర్రాల మీద ఇష్టం మాత్రం పోలేదు.

ఆవిడ భర్త అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చేసే ఆఫీసులో నైట్ షిఫ్ట్. పని తక్కువున్న రాత్రుల్లో అక్కడి రేసులు చూడటం అలవాటైంది. పందెం జోలికి పోడు, అంకెలంటే మాత్రం చెవి కోసుకుంటాడు. 2020లో ఆవిడ అమ్మానాన్నలు ఉగాదికని వచ్చి లాక్‌డౌన్‌లో ఇక్కడే ఇరుక్కుపోయారు. అప్పుడు మొదలైంది అసలు కథ. అమెరికాలో ఏటా మేటి రేసు గుర్రాలకి ఇచ్చే ఎక్లిప్స్ అవార్డులు 1971లో మొదలయ్యాయి కదా, అప్పట్నుంచి ఒక్కో సంవత్సరం తీసుకుని, పాత రేసులు ఫోన్లో చూసి, ఆ ఏటి మేటి గుర్రం ఏదో మామా అల్లుళ్ళే తేల్చడం. ఒక పాత జమాఖర్చుల పుస్తకంలో ‘మన తీర్పు’ అని నాన్నగారి చేతిరాతతో ఏడాదికో పేజీ. ఏటికొప్పాక నుంచి తెచ్చిన ఒక ఎర్ర లక్క గుర్రం, దాని పీట కింద గెలిచిన పేరుతో చిన్న కాగితం ముక్క. లాక్‌డౌన్ అయిపోయినా ఇది ఆగలేదు, నెలకో ఏడాది చొప్పున సాగింది. 2009ని మాత్రం కావాలనే ఆఖరికి అట్టేపెట్టుకున్నారట.

మొన్న కార్తీక మాసంలో సింహాచలం దగ్గర ఒక తోటలో వనభోజనాలు. ఇరవై మంది చుట్టాలు. ఆకుల ముందు కూర్చున్నాక 2009 మాట వచ్చింది. నాన్నగారు జెన్యాటా అన్నారు. అల్లుడు రేచల్ అలెగ్జాండ్రా అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని ఇద్దరూ అరగంట వాదించుకున్నారు. చుట్టాలు నవ్వుతూ చూస్తున్నారు. చివరికి అల్లుడు నోరు జారాడు: “మావయ్య గారూ, గుర్రాల విషయంలో మీ తీర్పు ఎలాంటిదో అత్తయ్య గారి గాజుల్ని అడిగితే చెప్తాయి.”

అందరూ నవ్వారు. నాన్నగారు ఆకులో ఉన్న పులిహోర మొత్తం తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. ఆటో పిలుచుకుని వెళ్ళిపోయారు. అమ్మగారు ఏమీ అనలేదు, విస్తళ్ళు ఎత్తారు. సంక్రాంతికి అల్లుడు అత్తవారింటికి వెళ్ళలేదు, వాళ్ళూ పిలవలేదు. పుస్తకం ఆ ఇంట్లో, లక్క గుర్రం ఈ ఇంట్లో. ఎనిమిదేళ్ళ పిల్లాడు తాతయ్య ఎందుకు రావట్లేదని రోజూ అడుగుతున్నాడు. “మీకు గుర్రాల సంగతి తెలుసని మా వారు అంటుంటారు. 2009లో ఆ రెండిట్లో ఏది గొప్పదో మీరు తేల్చి చెప్పండి. మీ మాటైతే ఇద్దరూ వింటారు” అని ముగించారు.

అమ్మా,

ముందు నా అర్హత చెప్పుకోవాలి. నేను జీవితంలో పందెం కట్టింది ఒక్కసారి, పది రూపాయలు. ఆ గుర్రం ఇంకా వస్తూనే ఉంది. కాబట్టి నా తీర్పుకి మీరు ఇస్తున్న విలువ కాస్త ఎక్కువే. అయినా అడిగారు కనక గుర్రాల సంగతే ముందు మాట్లాడదాం. అది తేలికైన భాగం.

రెండూ ఆడగుర్రాలే. మన పాత తెలుగులో గోడిగలు. ఆ మాట మీ నాన్నగారికి తెలిసే ఉంటుంది.

మీ ఆయన వాదన నేను ఊహించగలను. రేచల్ అలెగ్జాండ్రాకి అప్పుడు మూడేళ్ళు. 2009లో ఎనిమిదిసార్లు పరిగెత్తింది, ఎనిమిదీ గెలిచింది. అదీ ఒకచోట కాదు, ఆరు రాష్ట్రాల్లో ఏడు మైదానాలు. కెంటకీ ఓక్స్‌లో రెండో గుర్రానికీ దానికీ మధ్య ఇరవై లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) పైన తేడా. ఆ రేసు చూస్తే కెమెరా రెండో గుర్రాన్ని ఫ్రేములో పెట్టడానికి వెనక్కి వెనక్కి వెళ్ళాల్సి వస్తుంది. పదిహేను రోజులకి ప్రీక్‌నెస్‌లో మగవాటితో పరిగెత్తి, ఆ ఏటి కెంటకీ డెర్బీ విజేత మైన్ దట్ బర్డ్‌ని ఒక లెంగ్త్‌తో ఓడించింది. ఆ రేసు ఆడగుర్రం గెలవడం 1924 తర్వాత అదే మొదలు. ఆ తర్వాత హాస్కెల్‌లో బెల్మాంట్ విజేత సమ్మర్ బర్డ్‌ని ఆరు లెంగ్త్‌లతో. సెప్టెంబర్‌లో శారటోగాలో వుడ్‌వర్డ్, ఈసారి తనకన్నా వయసైన మగ గుర్రాలతో, తల తేడాతో. ఆ వుడ్‌వర్డ్ ఆఖరి రెండొందల గజాలు మీ ఆయన ఎన్నిసార్లు చూశారో నాకు తెలీదు గానీ, నేను చూసినప్పుడల్లా ఈసారి ఓడిపోతుందేమో అనే అనుకుంటాను. మొదట్నుంచీ ముందుండి, వేగం మొత్తం ఖర్చు పెట్టేసి, కాళ్ళు బరువెక్కి, పక్కన ఇంకో గుర్రం మీదకొస్తుంటే తల మాత్రం వంచదు.

మీ నాన్నగారి వాదన కూడా ఊహించగలను. జెన్యాటాకి అప్పటికి ఐదేళ్ళు, అంతకు ముందు ఓటమే తెలీదు. ఆ ఏడాది ఐదుసార్లు పరిగెత్తి ఐదూ గెలిచింది. వానిటీ అనే రేసులో 129 పౌండ్లు మోసింది. మలక్‌పేట లెక్కలో 58 కిలోల పైమాటే. హ్యాండిక్యాప్ (మేటి గుర్రం మీద ఎక్కువ బరువు వేసి పోటీని సమం చెయ్యడం) అంటే ఏమిటో తెలిసిన మనిషికి ఆ అంకె చాలా చెప్తుంది. నవంబర్‌లో శాంటా అనీటాలో బ్రీడర్స్ కప్ క్లాసిక్: ఏడాది మొత్తానికి ఆఖరి పరీక్ష, ఎక్కడెక్కడి మేటి మగ గుర్రాలూ వచ్చాయి. మొదట్లో అన్నిటికన్నా వెనక. మలుపులో లోపలి వైపు నుంచి ఒక్కోదాన్నీ దాటుకుంటూ, ఖాళీ లేని చోట బయటికి తిరిగి, ఆఖర్లో అందర్నీ మింగేసి ఒక లెంగ్త్‌తో గెలిచింది. ఆ రేసు చరిత్రలో ఆడగుర్రం గెలవడం అదే మొదటిసారి. పైగా ఆ రోజు దాని వెనక వచ్చినవాటిలో మైన్ దట్ బర్డూ ఉంది, సమ్మర్ బర్డూ ఉంది. రేచల్ ఓడించిన వాళ్ళనే ఇదీ ఓడించింది. “ఆ పిల్ల ఆ రోజు ఎందుకు రాలేదు?” అని మీ నాన్నగారు అడిగే ఉంటారు. అడక్కపోతే నాకు ఆశ్చర్యం.

రాలేదంటే, రేచల్ యజమాని జెస్ జాక్సన్‌కి శాంటా అనీటాలో అప్పుడున్న సింథటిక్ ట్రాక్ నచ్చలేదు. మట్టి మీద పరిగెత్తే గుర్రాన్ని ప్లాస్టిక్ మీదికి పంపనన్నాడు. అటువైపు వాళ్ళు, జెన్యాటా ఆ ఏడాది కాలిఫోర్నియా దాటి ఒక్క రేసు కూడా పరిగెత్తలేదన్నారు. రెండూ నిజమే. 2010 ఏప్రిల్‌లో జరిగే తమ రేసుకి రెండూ వస్తే ఆర్కాన్సాలోని ఓక్‌లాన్ మైదానం వాళ్ళు 50 లక్షల డాలర్లు ఇస్తామన్నారు. దానికి ముందు పరిగెత్తిన రేసులో రేచల్ ఓడిపోయింది. ఓడించిన గుర్రం జార్డానా, అదీ జెన్యాటా ట్రైనర్ దగ్గరిదే. దాంతో ఆ పోటీ తప్పిపోయింది. ఆ రెండూ ఒక్కసారి కూడా ఎదురెదురు పడలేదు. ఇప్పుడు మీ ఇంట్లో రెండు గుర్రాలూ అంతే కదా, ఒకటి రాదు, ఇంకొకటి పోదు.

2009 మేటి గుర్రం ఏదని ఎక్లిప్స్ అవార్డుకి ఓట్లేశారు. రేచల్‌కి 130, జెన్యాటాకి 99.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మరుసటి ఏడాది చర్చిల్ డౌన్స్‌లో అదే బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో జెన్యాటా మళ్ళీ ఆఖర్నుంచి వచ్చి, బ్లేమ్ అనే గుర్రం చేతిలో తల తేడాతో ఓడిపోయింది. ఇరవై రేసుల జీవితంలో అదొక్కటే ఓటమి. అయినా 2010 అవార్డు దానికే ఇచ్చారు, ఓడించిన బ్లేమ్‌కి 102, దీనికి 128. ముందు ఏడాది గెలిచి పోగొట్టుకున్నది, తర్వాతి ఏడాది ఓడి తెచ్చుకుంది. అంతకు ముందూ అంతే. 1978లో అఫర్మ్‌డ్, సియాటిల్ స్లూ, రెండూ ట్రిపుల్ క్రౌన్ (డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్, మూడూ ఒకే ఏడాది) గెలిచినవి. మార్ల్‌బరో కప్‌లో ఎదురుపడితే స్లూ మూడు లెంగ్త్‌లతో ఓడించింది. అవార్డు అఫర్మ్‌డ్‌కి. 2004లో డెర్బీ, ప్రీక్‌నెస్ గెలిచిన స్మార్టీ జోన్స్‌ని కాదని, ఏడాదిలో నాలుగే రేసులు పరిగెత్తిన ఘోస్ట్‌జాపర్‌కి ఇచ్చారు.

ఎందుకిలా అంటే, ఓటేసే వాళ్ళకి ‘మేటి గుర్రం’ అంటే ఇదీ అని ఎవరూ రాసివ్వరు. ఎక్కువ శ్రమ పడ్డదా, ఎవరి చేతిలోనూ ఓడనిదా, ఆఖరి పెద్ద రేసు గెలిచిందా, జనం గుండెల్లో మిగిలిపోయిందా? ఎవరి కొలత వాళ్ళది. మీ ఇంట్లో ఇద్దరూ ఒకే ప్రశ్నకి రెండు జవాబులు చెప్పుకుంటున్నాం అనుకున్నారు. కాదు, చెరో ప్రశ్నకి జవాబు చెప్పారు. మీ ఆయన “2009లో ఎవరు ఎక్కువ చేశారు?” అనే దానికి. మీ నాన్నగారు “వీటిలో గొప్పది ఏది?” అనే దానికి.

నా మాట అంటారా: ఆ ఒక్క ఏడాదికీ అయితే రేచల్. ఏ గుర్రాన్ని నేను చూసి ఉండాల్సింది అంటే జెన్యాటా, రేసుకి ముందు డెక్కలు ఎత్తి నాట్యం చేసినట్టు నడిచే ఆ నడక కోసమైనా. చూశారా, నా ఒక్క నోట్లోనే రెండు జవాబులు ఉన్నాయి.

ఇక్కడ మీరు ఈ కాగితం మడిచి మీ ఆయన చేతికిస్తే ఆయన గెలిచినట్టవుతుంది. రెండో వాక్యం మాత్రమే చదివి వినిపిస్తే మీ నాన్నగారు గెలిచినట్టవుతుంది. దయచేసి రెండూ చెయ్యకండి. ఎందుకో చెప్తాను.

మీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే ఒక చోట ఆగాను. గుర్రాల గురించి నాలుగు పేజీలు రాశారు. రేచల్‌ని ఏ ట్రైనర్ దగ్గర్నుంచి ఏ ట్రైనర్ దగ్గరికి మార్చారో కూడా రాశారు. గాజుల సంగతి మీ ఆయనకి ఎలా తెలిసిందన్న దాని గురించి ఒక్క వాక్యం: ‘పెళ్ళైన కొత్తలో ఎప్పుడో మాటల్లో నేనే చెప్పాను లెండి.’ ఆ ‘లెండి’ చాలా బరువైన మాటమ్మా. ఆరు పేజీల ఉత్తరం బరువంతా దాని మీదే ఉంది.

తప్పు పట్టట్లేదు. మొగుడితో పుట్టింటి గుట్టు చెప్పుకోని ఆడపిల్ల ఉండదు. మీరు నమ్మి చెప్పారు, ఆయన పదేళ్ళ తర్వాత ఇరవై మంది మధ్య దాన్ని బయటికి తీశాడు. ఇందులో మీ పాలు ఎంత, ఆయన పాలు ఎంత అని నేను కొలవను. కానీ గుర్రం ఏదో తేలితే గాజుల సంగతి దానంతటదే సర్దుకుంటుందని మీరు అనుకుంటున్నారు. సర్దుకోదు. ఇప్పుడు జెన్యాటాకి కిరీటం పెట్టినా మీ నాన్నగారు ఆ మెట్టు ఎక్కి రారు.

ఎందుకంటే ఆయన్ని బాధపెట్టింది గుర్రం విషయంలో ఓడిపోవడం కాదు. డెబ్బై రెండేళ్ళ వాడు, మలక్‌పేటలో ఆరేళ్ళు ఓడి వచ్చినవాడు, ఓటమి ఆయనకి కొత్తా? పందెం మానేశాక కూడా ఆయన గుర్రాల్ని వదల్లేదు, కానీ ఎవరి ముందూ వాటి మాట ఎత్తే మొహం లేకపోయింది. ఇంట్లో గుర్రం అంటే గాజులు. మీ ఆయన పుణ్యమా అని 2020లో మొదటిసారి డబ్బు అంటని చోట కూర్చుని, ఏ గుర్రం ఎందుకు గొప్పదో మాట్లాడే వీలు దొరికింది. తన చేతిరాతతో ‘మన తీర్పు’ అని రాసుకున్నారు. ఆ పుస్తకం ఇచ్చింది ఎవరో ఆ మనిషే దాని మీద గాజులు పెట్టాడు. పైగా ఆయన ఆకు వదిలేసి లేవలేదు, పులిహోర పూర్తిగా తిని లేచారు. అలా లేచే మనిషి అలిగి వెళ్ళలేదు. సిగ్గుపడి వెళ్ళారు. అలిగినవాణ్ణి పిలిస్తే వస్తాడు. ఇది వేరు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఒకటి, మీరు అడిగినట్టే నేనో ఇంకెవరో తీర్పివ్వడం. దాని ఫలితం చెప్పేశాను. ఇంకోటి కూడా ఉంది: ఆ పుస్తకంలో అన్ని పేజీలూ వాళ్ళిద్దరివి, ఈ ఒక్క పేజీ పరాయి వాడిది అవుతుంది. అది ఆ ఇద్దరికీ ఎప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

రెండు, ఏమీ చెయ్యకుండా ఉగాది దాకా ఆగడం. పిల్లాడి పేరు చెప్పి పిలవడం, పచ్చడి తిని అందరూ మామూలుగా మాట్లాడుకోవడం. చాలా ఇళ్ళలో ఇదే చేస్తాం, చాలాసార్లు పని చేస్తుంది కూడా. మామా అల్లుళ్ళు టీవీ వైపు చూస్తూ ఎండల గురించి మాట్లాడుకుంటారు. మీకు టెన్షన్ తగ్గుతుంది. కాకపోతే గుర్రాలు ఇక ఆ ఇంట్లోకి రావు. పుస్తకం అటక ఎక్కుతుంది. మీకది ఫరవాలేదు అనిపిస్తే ఈ దారి మంచిదే, నేను చిన్నచూపు చూడను. మీ ఉత్తరంలో లక్క గుర్రం కాగితం ముక్కల గురించి రాసిన తీరు చూస్తే మాత్రం మీకది ఫరవాలేదు అనిపించదేమో.

మూడు, మీ ఆయన వెళ్ళి మాట్లాడటం. ఇది జరగాలనే నా ఇష్టం, కానీ ఎలా జరుగుతుందన్న దాని మీదే అంతా ఉంది. ఆయన వెళ్ళి “మావయ్య గారూ, ఆలోచించాను, మీరన్నదే కరెక్ట్, జెన్యాటాయే” అన్నాడనుకోండి, అంతకంటే పెద్ద అవమానం ఇంకోటి ఉండదు. రేసుల్లో గుర్రాన్ని కావాలని వెనక్కి లాగి పట్టుకునే జాకీని మీ నాన్నగారు దూరం నుంచే గుర్తు పడతారు. అల్లుణ్ణి గుర్తు పట్టరా? గుర్రం మాట అసలు ఎత్తొద్దు. గాజుల మాట అన్నందుకు తప్పయిందని చెప్పాలి, అంతే. “సరదాకి అన్నాను” అని కలపకూడదు. “మీరూ నన్ను అన్నారు కదా” అని అసలే కలపకూడదు. మగవాళ్ళ క్షమాపణలకి వెనక ఒక ‘కానీ’ తగిలించి ఉంటుంది, దాన్ని ముందే కోసేయమనండి.

నలుగురిలో అన్నాడు కనక నలుగురిలోనే అడగాలా? దీని మీద నాకు రెండు మనసులున్నాయి. నలుగురిలో అడిగితే ఆయన పరువు నిలబడుతుంది. కానీ ఆ ఇరవై మందిలో సగం మంది ఈపాటికి ఆ మాట మర్చిపోయి ఉంటారు, వాళ్ళకి మళ్ళీ గుర్తు చేసినట్టవుతుంది, తెలియని వాళ్ళు “ఏ గాజులు?” అని అడుగుతారు. నా మొగ్గు ఇంట్లోనే, మీ అమ్మగారు ఉన్నప్పుడు. అయితే ఆ రోజు బాగా నవ్విన చుట్టం ఒకరైనా ఉంటారు, వాళ్ళకి మీ ఆయన విడిగా ఒక ఫోన్ చేసి, ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది అని చెప్తే చాలు. మిగతాది వాళ్ళే ఊరంతా చేరవేస్తారు. చుట్టాల వల్ల అంత మాత్రం ఉపయోగం ఉండాలి కదా.

మీ ఆయన ఒప్పుకోకపోతే? ఒప్పుకోడనే మీరు రాశారు, “నేనేం అబద్ధం చెప్పానా” అంటున్నాడట. నిజమే, అబద్ధం చెప్పలేదు. అప్పుడు ఆయన్ని ఒక్క ప్రశ్న అడగండి: ఆ గాజుల సంగతి నీకు ఎవరు చెప్పారు, ఎందుకు చెప్పారు? మామగారిని ఒక్కరినే అన్నానని ఆయన అనుకుంటున్నాడు. మీరు నమ్మి అప్పజెప్పిన దాన్ని ఖర్చు పెట్టేశాడని ఇంకా తట్టినట్టు లేదు. ఆ సంగతి మీరు ఆయనతో గట్టిగా మాట్లాడారా? మీ ఉత్తరంలో మీరు కోప్పడ్డట్టు ఎక్కడా లేదు. మధ్యవర్తిగా ఉండటానికి అలవాటు పడిపోయి, మీకూ ఒక దెబ్బ తగిలిందని మర్చిపోయారేమో.

నాలుగోది కష్టమైన దారి. మీరే వెళ్ళి, “నాన్నా, ఆయనకి ఆ సంగతి చెప్పింది నేనే” అనడం. అది ఆయనకి తెలియదనుకుంటున్నారా? గాజుల సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఆయన చెప్పలేదు. మీ అమ్మగారు చెప్పే మనిషి కాదని మీరే రాశారు. లెక్కలు రాసే మనిషికి ఆ లెక్క ఆటోలో కూర్చున్నప్పుడే తేలి ఉంటుంది. మీరు చెప్తే కొన్నాళ్ళు మీ మీద మనసు కష్టపెట్టుకోవచ్చు. అల్లుడి మీద ఉన్నది కాస్తా కూతురి మీదికి రావచ్చు. ఆ రిస్క్ ఉంది, దాచను. చెప్పకపోతే ఆయన తెలిసి తెలియనట్టు, మీరు చెప్పీ చెప్పనట్టు ఉంటారు. అల్లుడు ఎన్ని క్షమాపణలు చెప్పినా మీరు ఆ గుమ్మం దాటినప్పుడల్లా ఆ ‘లెండి’ మీతో పాటు లోపలికి వస్తుంది. ఈ మూడో నాలుగో దారుల్లో ఏది ముందు అంటే, నేనైతే మీరు ముందు వెళ్ళమంటాను. మీ ఆయన వెనక్కి తగ్గడానికి అది దారి ఇస్తుంది. కానీ మీ ఇంటి సంగతి మీకు నాకంటే బాగా తెలుసు.

ఇంకొకరి గురించి ఎవరూ అడగలేదు. గాజులు ఎవరివి? మీ అమ్మగారివి. పోయినప్పుడు ఆవిడని అడగలేదు, ఇన్నేళ్ళ తర్వాత నవ్వుకోవడానికి తీసినప్పుడూ అడగలేదు. ఆవిడ విస్తళ్ళు ఎత్తారు. ఒకరోజు ఎవరూ లేనప్పుడు కూర్చుని, “అమ్మా, ఆ రోజు నీకేమనిపించింది?” అని అడగండి. సర్దిచెప్పమని కాదు, నాన్నకి నచ్చజెప్పమని అసలే కాదు. ఊరికే అడగండి. ఆవిడ ఏమంటారో నేను ఊహించలేను. “అప్పట్నుంచీ నాకు గుర్రమంటే చిరాకు, ఆ పుస్తకం మూసేసినందుకు హాయిగా ఉంది” అనొచ్చు. అలా అంటే మొత్తం లెక్క మళ్ళీ మొదటికొస్తుంది, కానీ తెలియాల్సిన సంగతే. “పోయిన రెండు జతల కంటే వచ్చిన రెండు జతలు చూసుకో” అనీ అనొచ్చు. ఆ తరం ఆడవాళ్ళు నలభై ఏళ్ళు దాచిన జవాబు ఏదో ఒకటి ఉంటుంది.

ఇక 2009 పేజీ.

అది ఖాళీగా ఉండనివ్వండి. మాటలు కలిసి, మీ ఆయన మళ్ళీ ఆ సోఫాలో కూర్చున్నాక, ఆ ఇద్దరూ కావాలనుకుంటే మళ్ళీ వాదించుకుంటారు. అప్పుడు వాళ్ళకి ఒక సలహా అందించొచ్చు: గుర్రం ఏదో తేల్చే ముందు కొలత ఏమిటో ఒక లైన్ రాసుకోమనండి. యూరప్‌లో కార్టియర్ అవార్డులు అని ఇస్తారు, అక్కడ రేసుల్లో తెచ్చుకున్న పాయింట్లు, విలేఖరుల ఓట్లు, జనం ఓట్లు అన్నీ కలిపి లెక్కేస్తారు. మీ ఇంట్లోనూ అలాంటిదేదో పెట్టుకోవచ్చు. అంకెలు అల్లుడివి, చూసిన కన్ను మామగారిది. కాకపోతే కొత్త రూలు పెడితే పాత యాభై పేజీలూ తిరగతోడాలని ఎవరో ఒకరు అంటారు, అందుకు సిద్ధపడండి. ఇంకో ఐదేళ్ళ పని దొరుకుతుంది వాళ్ళకి.

రెండు పేర్లూ రాసేస్తే పోలా అని మీరు అనుకోవచ్చు. రేసుల్లో దాన్ని డెడ్ హీట్ అంటారు. కానీ ఫోటో తీసి, భూతద్దంతో చూసి, ఇక విడదీయలేం అనుకున్నాకే డెడ్ హీట్ ఇస్తారు. గొడవ వద్దని ముందే ఇవ్వరు. వాళ్ళిద్దరూ కలిసి ఆ మాట అంటే చాలా సంతోషం. మీరు మాత్రం అనకండి.

పిల్లాడి సంగతి ఒకటి. తాతయ్య ప్రతి ఆదివారం వాణ్ణి ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి, ఇసకలో గుర్రం ఎక్కించి, కళ్లెం ఎలా పట్టుకోవాలో చెప్పేవారని రాశారు. నవంబర్ నుంచి అదీ ఆగిపోయింది. దాన్ని ఈ గొడవ తేలేదాకా ఆపకండి. ఆదివారం సాయంత్రం వాణ్ణి మీరే తాతయ్య ఇంటి గుమ్మం దగ్గర దింపి, ఎనిమిదింటికి వచ్చి తీసుకెళ్తానని చెప్పి వచ్చేయండి. లోపలికి వెళ్ళి కూర్చోకండి, వాడితో ఏ కబురూ పంపకండి. మురీ మిక్చర్‌కి మాత్రం ఒక ఇరవై రూపాయలు వాడి జేబులో పెట్టండి, అది తాతయ్యకి కొనిపెట్టడానికి.